రెండు చెంచాల మునగాకు పొడి

ఏడేళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. పొడుగాటి అబద్ధం కూడా కాదు. ఒక్క మాట. "లేదండి" అన్నాను, అంతే. అనడానికి ఊపిరి పీల్చినంత సేపు పట్టలేదు. వెనక్కి తీసుకోవడానికి ఏడేళ్లు చాలలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచి, కాఫీ కలపనా అని అడిగి మూసుకున్నాను.

మాది జగ్గయ్యపేట. మా మామగారు పెట్టిన కిరాణా కొట్టును మా బావగారూ మావారూ కలిసి నడుపుతారు. ఒకటే ఇల్లు. కింద వాళ్లు, పైన మేము. వంట మాత్రం అందరికీ కిందే. నేను చెప్పబోయేది మా బావగారి భార్య గురించి. నాకు తోడికోడలు. అక్కా అని పిలిచేదాన్ని. అసలు పేరు రాయను, కమలక్క అనుకోండి.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాను. చదివింది చాల్లే అన్నారు మా అత్తగారు. కమలక్క అప్పటికి ఆవిడకు ఎదురు చెప్పి ఎరగదట. ఆ రోజు మాత్రం, పిల్లని పరీక్షలు రాసుకోనివ్వండత్తయ్యా, పని నేను చూసుకుంటాను అంది. అన్న మాట నిలబెట్టుకుంది. పరీక్షల నెలల్లో నన్ను ఒక్క గిన్నె ముట్టుకోనివ్వలేదు. తను చదివింది ఏడో తరగతి. నా డిగ్రీ సర్టిఫికెట్ వచ్చిన రోజు చేతులు రెండుసార్లు చెంగుకి తుడుచుకుని మరీ పట్టుకుంది. అది తిరగేసి పట్టుకుందని నేను చెప్పలేదు.

ఆ చదువు వల్లే నన్ను నమ్మింది. ఆ చదువు ఆమె పెట్టిందే.

చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్లజ్వరం ఆమె గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసిందట. నలభై దాటాక ఆ సంగతి బయటపడింది. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. బెజవాడలో ఆపరేషన్ చేసి లోహపు కవాటం పెట్టారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్లూ రోజూ ఒక మాత్ర వేసుకోవాలన్నారు. మాత్ర ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ. అందుకని నెలనెలా రక్తపరీక్ష. అందులో ఒక అంకె వస్తుంది. అది రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి.

ఇంటికి పంపే రోజు ఒక నర్సు మమ్మల్ని కూర్చోబెట్టి తిండి గురించి చెప్పింది. కమలక్క మధ్యలోనే, నాకేం తెలుసుద్దమ్మా, మా చెల్లికి చెప్పండి అని నావైపు చూపించింది. నర్సు నాకే చెప్పింది. ఆకుకూరలు మానక్కర్లేదు, కానీ ఎప్పుడూ తినేంతే తినాలి. ఈ మాత్ర చేసే పనికి ఆకుల్లో ఉండే ఒక విటమిన్ అడ్డం పడుతుంది. కొత్తగా ఏ ఆకుపసరూ, ఏ ఆకు పొడీ మొదలుపెట్టకూడదు. పెట్టాలనుకుంటే ముందు మాకు చెప్పాలి. నేను తలూపాను. అదే మాట అచ్చువేసిన కాగితం ఇచ్చింది. మడిచి నా సంచీలో పెట్టుకున్నాను.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, నాకు తెలియదని మీరు అనుకోకూడదు. నేను అలా అనుకోవడానికి చాలా ప్రయత్నించాను.

మొదటి ఏడాది చిగుళ్లలోంచి రక్తం వస్తోందని భయపడి, కమలక్క ఎవరికీ చెప్పకుండా నాలుగు రోజులు మాత్ర మానేసింది. పరీక్షలో దొరికిపోయింది. డాక్టరు గట్టిగా కోప్పడ్డాడు. బావగారు అంతకంటే గట్టిగా. ఇక అంతే. సాయంత్రం ఆరయ్యేసరికి ఏ పనిలో ఉన్నా చేతులు కడుక్కుని మాత్ర వేసుకునేది. వేసుకున్నానమ్మాయ్ అని వంటింట్లోంచి నాకు వినపడేలా చెప్పేది.

బెజవాడ నుంచి ఒక గుండె డాక్టరు నెలకొక ఆదివారం నందిగామ వచ్చి చూసేవాడు. పరీక్ష కూడా అక్కడే. ఇద్దరం బస్సులో వెళ్లేవాళ్లం. పరగడుపున పోనక్కర్లేదని డాక్టరు చెప్పినా ఆమె వినేది కాదు. రక్తం ఇచ్చాకే బస్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీ తినేది. కొట్టూ ఇల్లూ తప్ప మరొకటి తెలియని మనిషికి ఆ ఆదివారాలే ఊరు చూడటం. కిటికీ పక్క సీటు నాకు ఎప్పుడూ ఇచ్చేది కాదు.

ఇక నా సంగతి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం కోసం నాలుగు పరీక్షలు రాశాను. ఒక్కటీ రాలేదు. పదేళ్లు పైనింట్లో కూర్చున్నాను. అప్పుడు ఫోనులో ఎవరో మునగాకు పొడి చేయడం చూపిస్తుంటే చూసి, నేనూ మొదలుపెట్టాను. ఆకు నీడన ఆరబెట్టి, దంచి, జల్లించి, ఇరుగుపొరుగుకి ఇచ్చాను. ఒకామె నీరసం తగ్గిందంది. ఇంకొకామె జుట్టు రాలడం ఆగిందంది. ఆడవాళ్లం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ముక్త్యాల నుంచి, నందిగామ నుంచి అడగడం మొదలుపెట్టారు. నన్ను మేడం అనేవాళ్లు. నవ్వకండి. పదేళ్లలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు, మేడం, ఇది పొద్దున తాగాలా సాయంత్రమా అని అడుగుతున్నారు. నేను జవాబు చెప్తున్నాను.

కమలక్క పాలిపోయి ఉండేది. త్వరగా అలిసిపోయేది. ఆమెకి నా పొడి పట్టిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన ముందు ప్రేమగానే వచ్చింది. ఇప్పటికీ అది నమ్ముతున్నాను. కానీ దాని వెనకే ఇంకొకటి వచ్చింది. గుండె ఆపరేషన్ అయిన మనిషికే పనిచేసిందంటే ఇక అడిగేదేముంటుంది? ఆ రెండిట్లో ఏది ముందు, ఏది వెనక? ఏడేళ్లుగా తేల్చుకోలేకపోతున్నాను. తేలినా ఇప్పుడు ఒరిగేదేమీ లేదు.

నందిగామ నుంచి తిరిగొచ్చే బస్సులో అడిగాను. నేనెలా అడిగానో గుర్తులేదు. ఆమె అన్నది మాత్రం అక్షరం పోకుండా గుర్తుంది.

"నీ పొడి నాకు పడుద్దంటావా అమ్మాయ్? ఆ కాయితంలో ఆకుకూరల సంగతేదో ఉందన్నావుగా."

"అది కట్టలు కట్టలు తినేవాళ్లకక్కా. రెండు చెంచాలకేమవుద్ది?"

"డాక్టరుగారిని ఒక మాట అడిగితే?"

"ఇప్పుడేగా అక్కా వచ్చాం. మళ్లీ నెలకి అడుగుదాంలే."

"సరేలే. చదివినదానివి. నీకు తెలీదా."

అని కిటికీ వైపు తిరిగింది. చిల్లకల్లు దగ్గర బస్సు ఆగితే జామకాయలు కొని, పెద్దది నా చేతిలో పెట్టింది.

కాగితంలో ఏముందో నాకు ఆ క్షణంలో బాగా గుర్తుంది. ఏ ఆకు పొడీ అని ఉంది. పొడి అన్న మాటే ఉంది. తెలిసి ఎందుకు చెప్పాను? తెలుసు, కానీ నమ్మలేదు. మునగాకు. చిన్నప్పటి నుంచి తిన్న ఆకు. పప్పులో వేసుకునే ఆకు మనిషిని ఏం చేస్తుంది అనుకున్నాను. మందుల షాపులో దొరికేవే మందులని, వంటింట్లో దొరికేవన్నీ మంచివేనని ఎవరూ చెప్పకుండానే మనలో నాటుకుపోయి ఉంటుంది. నా డిగ్రీ దాన్ని పీకలేకపోయింది. అది ఒక కారణం. రెండో కారణం, డాక్టర్ని అడిగితే వద్దంటాడేమోనని. వద్దంటే నా గ్రూపులో ఏం చెప్పుకోను?

రోజూ పదకొండింటికి, మగవాళ్లు కొట్లో ఉండగా, మజ్జిగలో రెండు పెద్ద చెంచాల పొడి కలిపి ఇచ్చేదాన్ని. ముఖం చిట్లించుకుని తాగేది. మూడు వారాలకి, ఓపిక వచ్చిందే అమ్మాయ్ అంది. నేను ఆమె ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. కొత్త చీర కట్టుకుని నిలబడింది.

తర్వాతి నెల నందిగామలో ఆ అంకె ఒకటీ పాయింటు ఏడు వచ్చింది. అప్పటిదాకా ఎప్పుడూ అంత కిందికి దిగలేదు. ఆ ఆదివారం డాక్టరు రాలేదు. ల్యాబ్ అతను కాగితం చూసి, తక్కువుందండి, డాక్టరుగారికి ఫోన్ చేసి కనుక్కోండి, వారంలో మళ్లీ చేయించండి అన్నాడు. ఆ కాగితం పట్టుకుని నేను నిలబడ్డాను. నా కాళ్లు చల్లబడ్డాయి. అంటే నాకు అర్థమైందన్నమాట. అర్థం కాకపోతే కాళ్లెందుకు చల్లబడతాయి?

ఫోన్ చేయలేదు. చేస్తే అడుగుతారు కదా, కొత్తగా ఏమైనా తింటోందా అని. పొడి రెండు చెంచాల నుంచి ఒకటి చేశాను. కమలక్కకి ఫర్వాలేదక్కా అని చెప్పాను. వారం తర్వాత ఆదివారం కీసరలో ఆడవాళ్ల మీటింగు ఉంది. నా పొడి గురించి మాట్లాడమని పిలిచారు. మైకులో మాట్లాడటం నాకు అదే మొదటిసారి. రేపు నందిగామ వెళ్లొద్దా అని కమలక్క శనివారమే గుర్తుచేసింది. వచ్చే వారం వెళ్దాంలే అన్నాను. అలాగే అంది. కీసరకి నేను కట్టుకెళ్లడానికి తన చీర తీసి ఇచ్చింది.

బుధవారం పొద్దున దోసెలు పోస్తూ గరిట వదిలేసింది. పిండి పొయ్యి మీద పడింది. ఏంటక్కా అని తిరిగి చూసేసరికి మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది. కుడిచెయ్యి వేలాడుతోంది. నన్ను చూసి ఏదో చెప్పబోయింది. మాట కాదు, చప్పుడు వచ్చింది.

అంబులెన్సులో బెజవాడ దాకా ఆమె ఎడమచెయ్యి నా చేతిలోనే ఉంది. అది నన్ను గట్టిగా పట్టుకుని ఉంది.

ఆసుపత్రిలో బావగారు సంతకాలకని కౌంటరు దగ్గరికి వెళ్లారు. మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. ఒక చిన్నవయసు డాక్టరమ్మ వచ్చింది. కవాటం దగ్గర గడ్డకట్టి, అందులోంచి ముక్క మెదడులోకి పోయిందని, రక్తపరీక్షలో అంకె ఒకటీ పాయింటు మూడే ఉందని చెప్పింది. మాత్రలు మానేశారా అని అడిగింది. నాకు తెలిసి లేదన్నాను. అప్పుడు ఆగి, నా ముఖంలోకి చూసి, నిదానంగా అడిగింది. ఈ మధ్య కొత్తగా ఆకుకూరలు ఎక్కువ తినడం గానీ, పసర్లు, పొడుల్లాంటివి గానీ ఏమైనా మొదలుపెట్టారా?

"లేదండి" అన్నాను.

అదే ఆ మాట.

ఆ అమ్మాయి రాసుకుంది. అయితే మాత్రలే మానేసి ఉంటారండి, ఇంకో కారణం కనపడటం లేదు అంది. అప్పుడే బావగారు వచ్చారు. ఆ మాట విన్నారు. మొదటి ఏడాది నాలుగు రోజులు మానేసిన సంగతి ఆయనే చెప్పారు. చెప్పి, మంచం మీదికి వంగి, రోజూ మాత్ర వేసుకున్నావా అని అడిగారు.

కమలక్క నోరు కష్టంగా కదిలించి, "లేదు" అంది.

పక్షవాతం వచ్చాక ఆమెకి మిగిలిన మాట అదొక్కటే. అన్నం తిన్నావా అన్నా లేదు, నొప్పిగా ఉందా అన్నా లేదు. రెండు రోజులకి డాక్టర్లే చెప్పారు, ఆమె నోటికి అదొక్కటే వస్తోంది, దానికి అర్థం పట్టించుకోవద్దని. కానీ బావగారు ఆ మొదటి లేదును వినేశారు. ఆయన మనసులో అది ఆమె ఒప్పుకోలు అయిపోయింది. ఆయన గోడకి ఆనుకుని, ఎంత పని చేశావే అన్నారు. నేను పక్కనే ఉన్నాను. కమలక్క కళ్లు ఆయన మీద లేవు. నా మీద ఉన్నాయి.

అప్పుడు చెప్పాల్సింది. తర్వాత రోజైనా చెప్పాల్సింది. చెప్తే వైద్యంలో మార్పేమైనా ఉండేదా అని తర్వాతెప్పుడో ఊరూపేరూ చెప్పకుండా ఒక డాక్టర్ని అడిగాను. పెద్దగా ఉండకపోవచ్చు అన్నాడు. ఆ జవాబు విని తేలికపడ్డాను. తేలికపడ్డందుకు నన్ను నేను అసహ్యించుకున్నాను.

ఇంటికి రాగానే ఉన్న పొడంతా పారబోశాను. గ్రూపులోంచి ఆమె ఫోటో తీసేశాను. కొన్నవాళ్లందరికీ ఫోన్ చేసి, మీ ఇంట్లో ఎవరైనా రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఇది ఇవ్వొద్దు, డాక్టర్ని అడగండి అని చెప్పాను. ఎందుకని అడిగితే, ఎక్కడో చదివాను అన్నాను. అక్కను చూసుకోవాలి కాబట్టి ఇక పొడి చేయనన్నాను. ఎంత మంచిదానివమ్మా అన్నారు.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. అదే మాత్ర, అదే మోతాదు మళ్లీ మొదలుపెట్టారు. పొడి లేదు కాబట్టి నెల తిరిగేసరికి అంకె సరైన చోటికి వచ్చింది. చూశారా, సరిగ్గా వేస్తే ఎలా వచ్చిందో అన్నారు బావగారు. అందరూ తలూపారు. పరీక్ష కూడా ఆమె మీదే సాక్ష్యం చెప్పింది. ఆమె మాత్ర మానలేదని తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరికి మాట లేదు. ఒకరికి నోరు లేదు.

ఆ రోజు నుంచి సాయంత్రం ఆరింటికి బావగారు కొట్టు వదిలి వచ్చేవారు. స్వయంగా మాత్ర నోట్లో వేసి నీళ్లు పట్టించేవారు. మింగాక, నోరు తెరువు అనేవారు. తెరిచేది. నాలుక ఎత్తు అనేవారు. ఎత్తేది. దాచుకోలేదని చూసుకుని వెళ్లేవారు. ఆయన్ని చెడ్డవాడని రాయలేను. ఆమెకు స్నానానికి నీళ్లు తోడిందీ, చేతుల మీద ఎత్తుకుని గుమ్మం దాటించిందీ ఆయనే. కానీ రోజూ ఆరింటికి, మొదటి ఏడాది తర్వాత ఒక్క పూట కూడా మాత్ర తప్పని మనిషి దొంగలా నోరు తెరిచి చూపించేది. ఏడేళ్లు. నేను గుమ్మంలో మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడేదాన్ని.

వాళ్లకు ఒక్కతే కూతురు, శిరీష. అప్పుడు ఇంటర్ చదువుతోంది. ఒకరోజు డాబా మీద బట్టలు తీస్తూ, "నాకోసమైనా వేసుకోవాల్సింది పిన్నీ అమ్మ" అంది. కోపంగా కాదు. తనను తల్లి లెక్కచేయలేదన్న బాధతో. నా చేతుల్లో దుప్పటి ఉంది. దాన్ని మడుస్తూనే ఉన్నాను. నాలుగు మడతలు పడేది ఎనిమిది చేశాను.

అక్కకి అన్నీ నేనే చేశాను. తినిపించాను, తల దువ్వాను, పుండ్లు పడకుండా పక్కలు మార్చి పడుకోబెట్టాను. సొంత చెల్లెలు కూడా ఇంత చేయదని బంధువులు అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా లోపల ఏదో చిన్నగా సంతోషించేది. అది కూడా రాయాలి. రాయకపోతే ఇది కూడా అబద్ధమే అవుతుంది.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆమె గోళ్లు తీస్తూ అంతా చెప్పాను. బస్సులో మాట, ల్యాబ్ అతను చెప్పింది, కీసర మీటింగు, ఆ డాక్టరమ్మ అడిగింది, నేనన్నది. ఆమె నా ముఖం చూస్తూ విన్నది. అర్థమైందో లేదో తెలియదు. ముందే తెలుసో, అదీ తెలియదు. చెప్పడం అయిపోయింది. తర్వాత ఎడమచేత్తో మంచినీళ్ల చెంబు చూపించింది. నీళ్లు పట్టించాను. తాగి కళ్లు మూసుకుంది. ఎప్పుడూ అనే ఆ ఒక్క మాట కూడా ఆ రోజు అనలేదు.

బావగారికి చెప్తానక్కా అన్నాను. చెప్పలేదు.

పోయిన చలికాలంలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి కమలక్క పోయింది. పదకొండో రోజు భోజనాల దగ్గర, రెడ్డిగూడెం నుంచి వచ్చిన ఒక పెద్దాయన అడిగితే బావగారు చెప్తున్నారు. "మొండిదండి. మాత్రలు సరిగ్గా వేసుకునుంటే ఇంకో పాతికేళ్లు బతికేది." నేను రెండు విస్తళ్ల అవతల సాంబారు వడ్డిస్తున్నాను. గరిట గిన్నెలో పెట్టి, ఆయన దగ్గరికి వెళ్లి చెప్పడానికి నాలుగడుగులు చాలు. పక్క విస్తరిలో మనిషి, అమ్మా, కొంచెం ఇటు అన్నాడు. అటు వెళ్లాను.

ఇప్పుడు చెప్పడం ఆయన కోసమా, నా కోసమా? తెలిస్తే, రోజూ ఆరింటికి నాలుక ఎత్తమన్నది గుర్తొచ్చి ఆయన తట్టుకోలేరని నాకు నేను చెప్పుకుంటాను. అది నిజమే కావచ్చు. అది నాకు అనుకూలమైన నిజం. అందుకే దాన్ని నమ్మలేను. శిరీషకైతే తప్పకుండా చెప్పాలి. తల్లి తనను లెక్కచేయలేదని అనుకుంటూ బతుకుతోంది ఆ పిల్ల. ప్రతి ఆదివారం హైదరాబాదు నుంచి నాకు ఫోన్ చేసి, తిన్నావా పిన్నీ అంటుంది. తిన్నానమ్మా అంటాను. ఇంకేంటి అంటుంది. ఇంకేం లేదమ్మా అంటాను.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. క్షమించడానికి మీకు నేనేం చేశాను? చేసింది కమలక్కకి. ఆమె లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయిన మాట కనీసం ఒక్కచోటైనా నిజంగా, నా చేతిరాతలో ఉండాలని రాశాను.

మొదటి ఏడాది ఆ నాలుగు రోజుల తర్వాత కమలక్క ఒక్క పూట కూడా మాత్ర మానలేదు. మునగాకు పొడి నేను ఇచ్చాను. అడిగితే లేదన్నాను.